మాకియవెల్లి దృష్టిలో సమర్థుడైన పాలకుడు

రాజనీతిశాస్త్ర విద్యార్థులకే గాక, వార్తాపత్రిక చదివే సామాన్య పాఠకునికి సైతం మాకియవెల్లి పేరు సుపరిచితమే. అయితే ఆ పేరు ఒక వ్యక్తిగా కంటె ఒక నిందావాచకంగానే మనకు ఎక్కువ పరిచయం. కుటిల రాజకీయాన్ని దుయ్యబట్టవలసి వచ్చినప్పుడల్లా వక్తలు ఆయనను తలచుకుంటారు; మన దేశంలోనైతే కౌటిల్యునితో జతకట్టి మరీ తలచుకుంటారు. ఆయన రచించిన 'ప్రిన్స్' చూడబోతే ఇరవైయారు అధ్యాయాల చిన్న పుస్తకం. దానిని తుదికంటా చదివిన వారికి ఒక సంగతి తప్పక స్ఫురిస్తుంది. ఆయన పాలకునికి విధించిన నియమాలలో అత్యంత కఠినమైనది క్రూరత్వాన్ని గూర్చినది కాదు. ప్రజాద్వేషానికి గురికాకుండా ఉండుటను గూర్చినది.

నికోలో మాకియవెల్లి 1469లో ఫ్లారెన్సు నగరంలో జన్మించాడు. నాటి ఇటలీ ఒకే దేశం కాదు. ఫ్లారెన్సు, వెనిస్, మిలాన్, నేపుల్స్, పోపు రాజ్యం - ఈ అయిదూ ఒకదానినొకటి అనుమానిస్తూ కాలం గడుపుతుండేవి. 1494లో ఫ్రెంచిరాజు ఎనిమిదవ చార్లెస్ దండెత్తి రాగా ఆ సమతూకం చెదిరిపోయింది. ఫ్లారెన్సును ఏలుతున్న మెడిచీ వంశీయులు నగరం వదలిపోగా గణతంత్రం ఏర్పడింది. 1498లో, ఇరవైతొమ్మిదేళ్ల ప్రాయంలో, మాకియవెల్లి ఆ గణతంత్రంలో ఉన్నతోద్యోగిగా చేరి పదునాలుగేళ్లు రాయబారాలు నడిపాడు. ఆయన రాజనీతి గ్రంథాలయంలో మాత్రమే పుట్టినది కాదని విద్యార్థులు గమనించాలి.

రాజులకు హితబోధ చేసే గ్రంథాలు అంతకు ముందూ లేకపోలేదు. పారశీకంలో పదకొండవ శతాబ్దినాటి నిజాముల్ ముల్క్ 'సియాసత్‌నామా' అట్టిదే. మాకియవెల్లి సమకాలికుడైన ఎరాస్మస్ 1516లో క్రైస్తవ రాజకుమారుని శిక్షణ గూర్చి ఒక గ్రంథం ప్రకటించాడు. దాదాపు ఆ రోజులలోనే మన శ్రీకృష్ణదేవరాయలు (1509-1529) 'ఆముక్తమాల్యద'లో యామునాచార్యుని చేత కుమారునికి రాజనీతి చెప్పించాడు. రాయలు సింహాసనం మీద కూర్చుండి చెప్పాడు. మాకియవెల్లి పదవి పోగొట్టుకొని చెప్పాడు. ఆ భేదం చిన్నది కాదు. ఎరాస్మస్ వంటివారు ప్రభువు ఎలా ఉండాలో చెప్పగా, ప్రభువులు నిజంగా ఎలా నిలుస్తున్నారు, ఎలా కూలుతున్నారు అన్నది మాకియవెల్లి ప్రశ్న.

ఆ ప్రశ్నకు ఆయన ఎన్నుకొన్న ముఖ్యోదాహరణ సీజర్ బోర్జియా. ఇతడు పోపు ఆరవ అలెగ్జాండర్ కుమారుడు. తండ్రి అండతో రొమాన్యా ప్రాంతాన్ని జయించాడు. అక్కడ అరాచకం ప్రబలి ఉండగా రెమిరో అనే కఠినుడిని అధికారిగా నియమించి దానిని అణచివేయించాడు. శాంతి నెలకొన్నది గాని, జనానికి ఆ అధికారిపై పగ మిగిలింది. 1502 డిసెంబరులో ఒక ఉదయం చెసెనా పట్టణపు చౌకులో రెమిరో శరీరం రెండు తుండాలై పడి ఉన్నది. జనం ఒక్కసారిగా సంతృప్తినీ, దిగ్భ్రాంతినీ పొందారట. ఆ నెలలలో బోర్జియా వద్ద ఫ్లారెన్సు రాయబారిగా ఉన్నది మాకియవెల్లియే. ఈ ఘట్టాన్ని ఆయన మెచ్చుకోలుగానే వర్ణించాడు. ఆ మెచ్చుకోలు నాకు మింగుడుపడదు. పని చేయించుకొన్న చేయే పనివానిని నరికితే దానిని నేర్పు అనవచ్చునేమో గాని న్యాయమనలేము.

అయితే ఇంతటి నేర్పరి ఎందుకు కూలిపోయాడు? 1503 ఆగస్టులో తండ్రి మరణించాడు. సరిగా అప్పుడే బోర్జియా కూడా మంచం పట్టాడు. ఆ పిమ్మట తన వంశానికి పాతపగవాడైన రెండవ జూలియస్ పోపుగా ఎన్నిక కావడానికి తానే సహకరించాడు. పెద్దవారికి క్రొత్త ఉపకారాలు చేస్తే పాత గాయాలు మాని పోతాయనుకోవడం భ్రమ అని మాకియవెల్లి తీర్పు. 1507లో బోర్జియా నవార్‌లో ఒక చిన్న పోరులో హతుడైనాడు.

ఇక భయం, ప్రేమ అనే ప్రసిద్ధ చర్చ. రెండూ కుదరనప్పుడు ప్రేమ కంటె భయమే క్షేమకరమని ఆయన అన్నమాట నిజం. చాలామంది అక్కడితో పుస్తకం మూసివేస్తారు. వెంటనే ఆయన భయం వేరు, ద్వేషం వేరు అని గీత గీశాడు. ప్రజల ఆస్తి జోలికీ, వారి స్త్రీల జోలికీ పోని ప్రభువు భయపెట్టినా ద్వేషింపబడడు. కోటల గూర్చి చెప్పినచోట ఈ భావం మరింత స్పష్టం: ప్రజలు ద్వేషించే ప్రభువును ఏ కోటా కాపాడదు. ఇది ధర్మబోధ కాదు, లెక్క. కాని ఆ లెక్కలో ప్రజలు ఉన్నారు, ధర్మబోధకుల గ్రంథాలలో కంటె ఎక్కువగానే ఉన్నారు.

కూలిసేనల విషయంలోనూ ఆయనది ఇదే ధోరణి. జీతానికి పోరాడేవాడు శాంతికాలంలో ప్రభువును దోస్తాడు, యుద్ధకాలంలో పారిపోతాడు. అందుచేత ఆయన 1506లో గ్రామీణులతో ఫ్లారెన్సుకు స్వంత సేన కూర్చాడు. 1509లో పీసా నగరం తిరిగి స్వాధీనమైనప్పుడు ఆ సేన కీర్తి పొందింది. 1512లో స్పెయిన్ సైన్యం ప్రాటో పట్టణంపై పడినప్పుడు అదే సేన చెదరి పరుగెత్తింది. మెడిచీలు తిరిగి వచ్చారు, గణతంత్రం పోయింది, మాకియవెల్లి ఉద్యోగం పోయింది. మరుసటి ఏడు కుట్ర ఆరోపణపై చెరసాలలో త్రాటికి వ్రేలాడదీసి హింసించారు. ఇంత జరిగినా స్వంత సేన అనే సిద్ధాంతాన్ని ఆయన వదలలేదు.

'ప్రిన్స్' ఆ దుర్దశలోనే, 1513లో, పల్లెలోని చిన్న కమతంలో పుట్టింది. పగలంతా కట్టెలు కొట్టేవారితోనూ, సత్రంలోని జూదరులతోనూ గడిపి, రాత్రి బురద బట్టలు విడిచి, దర్బారు దుస్తులు ధరించి ప్రాచీనుల గ్రంథాల ఎదుట కూర్చుంటున్నానని ఆ డిసెంబరులో మిత్రుడు వెత్తోరికి వ్రాశాడు. తనను హింసించిన మెడిచీ వంశానికే గ్రంథాన్ని అంకితమిచ్చాడు. ఇందులో ఉద్యోగాపేక్ష ఉన్నది. దానిని దాచనవసరం లేదు. కాని లివీ చరిత్రపై వ్రాసిన 'ప్రసంగాలు' అనే పెద్ద గ్రంథంలో ఆయనే, ప్రభువు కంటె ప్రజాసమూహమే వివేకవంతమూ, స్థిరచిత్తమూ అని వాదించాడు. ఈ రెండు గ్రంథాలనూ ప్రక్కప్రక్కన పెట్టుకొని చదవనివారు ఆయనను సగమే చదివినట్లు.

1527లో మెడిచీలు మరల వెళ్లగొట్టబడి గణతంత్రం తిరిగి వచ్చింది. పాతపదవి దక్కుతుందని ఆశించిన మాకియవెల్లిని, మెడిచీల ఉప్పు తిన్నవాడని క్రొత్త పాలకులు దూరంగా ఉంచారు. ఆ జూన్ నెలలోనే ఆయన కన్నుమూశాడు. 'ప్రిన్స్' అచ్చయినది మరో అయిదేళ్లకు, 1532లో. అప్పటికి ఆ గణతంత్రం కూడా లేదు.