డొనెపెజిల్‌తోపాటు చైనా మూలికా మాత్రలా?

ప్రశ్న: మా నాన్నగారికి 74 ఏళ్ళు. అల్జీమర్స్‌కి రోజూ రాత్రి డొనెపెజిల్ 10 మి.గ్రా. మాత్ర వేస్తున్నాం. చైనాలో ఎంబీబీఎస్ చదువుతున్న మా మేనల్లుడు సెలవులకొస్తూ హుపర్‌జీన్ మాత్రలు తెచ్చాడు. ‘మూలికే కదత్తా, నష్టమేముంది’ అంటున్నాడు. రెండూ కలిపి వాడొచ్చా?
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: వద్దమ్మా. హుపర్‌జీన్‌ని ఫెర్న్‌లకు చుట్టంలాంటి ఓ చిన్న మొక్క నుంచి చైనా శాస్త్రవేత్తలు 1980లలో వేరుచేశారు. అక్కడ అల్జీమర్స్‌కి వాడుతున్నారు కూడా. చిక్కెక్కడంటే, జ్ఞాపకశక్తికి తోడ్పడే ఎసిటైల్‌కోలిన్ విరిగిపోకుండా అడ్డుకోవడమే దాని పని. మీరు వేస్తున్న డొనెపెజిల్ చేసేదీ అదే! అంటే రెండో మందు చేర్చినట్టు కాదు, ఉన్నదాని మోతాదు పెంచినట్టు. వాంతులు, విరేచనాలు పట్టుకోవచ్చు. నాడి మందగించి, తెల్లవారుజామున బాత్రూంకి లేచిన పెద్దాయన కళ్ళు తిరిగి పడితే తుంటి ఎముక విరుగుతుంది.

మామూలు మందుకు మూలికలు జోడిస్తే మేలని చైనాలో చాలా అధ్యయనాలొచ్చాయి. ఎక్కువభాగం చిన్నవి, కొద్దికాలం సాగినవి. నేను వాటిమీద భరోసా పెట్టను. అమెరికాలో రోజుకు రెండుసార్లు 200 మైక్రోగ్రాముల హుపర్‌జీన్ ఇచ్చి 16 వారాలు చూస్తే, ఉత్తుత్తి మాత్రకన్నా జ్ఞాపకశక్తి మెరుగుపడలేదని 2011లో తేలింది.

ఇప్పటికే హుపర్‌జీన్ వేసుంటే దాన్ని ఆపి, నాడి లెక్కపెట్టండి. నిమిషానికి 50 లోపుంటే వెంటనే డాక్టరుకి చూపించండి. డబ్బామీది చైనా అక్షరాలను మేనల్లుడి చేత తెలుగులో రాయించి వెంట తీసుకెళ్ళండి.