వరిమడిలో శేషగరుడులు

శ్రీమన్నారాయణునికి శేషుడు శయ్య, గరుడుడు వాహనము. సహజవైరము గల ఆ ఇరువురకును స్వామి సన్నిధిలో చోటు కలదు. నిజామాబాదు జిల్లా మోస్రా పొలములలో పామునకును గ్రద్దకును గల చోటు గమనింపదగినది.

మంజీరపై 1931లో పూర్తియైన నిజాంసాగరు నీటితో ఈ ప్రాంతపు మెట్టచేలు మాగాణులైనవి. 1937లో బోధనులో చక్కెర కర్మాగారము వెలసి చెరకు ప్రబలినది. అది 2015లో మూతపడగా చెరకు తగ్గి వరి పెరిగినది. పైరు మారినచో దానిని ఆశ్రయించిన పురుగు, పక్షి, ఎలుక కూడ మారును.

సూర్యరశ్మిని ఆహారముగా మార్చునది వరి. దానిని పురుగు, పురుగును కప్ప, కప్పను పాము, పామును గ్రద్ద తినును. చచ్చిన సమస్తమును మట్టిలోని సూక్ష్మజీవులు కుళ్ళజేసి మరల వరివేళ్ళకు అందించును.

కప్పను లెక్కించువారెవరు? ఒకప్పుడు మన దేశమునుండి కప్పకాళ్ళు విదేశములకు విరివిగా ఎగుమతి అయ్యెడివి. కప్పలు పోయిన చేలలో పురుగు పెరుగునన్న ఆందోళన బలపడగా 1987లో ప్రభుత్వము ఆ ఎగుమతిని నిషేధించినది.

పాము సంగతియు అంతే. జెర్రిపోతునకు విషము లేదు. దాని ముఖ్యాహారము ఎలుకలు. నాగపంచమినాడు పుట్టలో పాలు పోసిన చేతులే మరునాడు గట్టుపై దానిని కొట్టుట విడ్డూరము. అటుపై ఆ గట్టున ఎలుకబొరియలే మిగులును.

పురుగుమందు అతిగా చల్లిన మడిలో సుడిదోమను తిను సాలీళ్ళు ముందుగా నశించును. మిగిలిన దోమగ్రుడ్లు పొదుగును. వానిని తినువారు ఆ మడిలో ఉండరు. కొలది దినములలో పైరు సుడులుసుడులుగా ఎండిపోవును.