వ్రేలికొనల యందలి దేవతీర్థము

సింహాచలక్షేత్రమున శ్రీ వరాహలక్ష్మీనృసింహస్వామివారు సంవత్సరమునకు ఒక్క దినము తప్ప తక్కిన దినములన్నిటను చందనాచ్ఛాదితులై దర్శనమిత్తురు. వైశాఖ శుద్ధ తదియనాడు, అనగా అక్షయతృతీయనాడు, అర్చకస్వాములు వెండి బొరిగెలతో ఆ చందనమును ఒలిచిన పిదప భక్తులకు నిజరూపదర్శనము లభించును. ఆ దినమున విశాఖపట్టణము నుండియు, ఉత్తరాంధ్ర గ్రామముల నుండియు, ఒడిస్సా నుండియు వచ్చి వరుసలలో నిలుచు వేలకొలది జనులు తలచుకొనునది ప్రహ్లాదుని కథనే. ఆ కథలో స్వామి చేపట్టిన ఆయుధము చక్రము కాదు, గద కాదు. అది గోరు.

గోటినే ఏల చేపట్టవలసి వచ్చెను? ప్రాణము గలదానిచేత గాని, ప్రాణము లేనిదానిచేత గాని తనకు మరణము కలుగరాదని హిరణ్యకశిపుడు వరము కోరెను. గోరు ఈ రెండింటికిని నడుమ నున్నది. అది శరీరముననే పుట్టి పెరుగును. కోసినచో నొప్పి యుండదు. నేటి వైద్యులును ఇదే చెప్పుచున్నారు. గోటి మొదలునందు జీవకణములు పుట్టి, ముందునకు త్రోయబడుచు, గట్టిపడి నిర్జీవములగును. పైకి కనబడు గోటిపలకలో నరము లేదు, రక్తము లేదు. దాని క్రిందనున్న మాంసమున మాత్రము రెండును సమృద్ధిగా నున్నవి.

నఖశబ్దమును గూర్చి వ్యాకరణమున ఒక చిన్న విశేషము కలదు. పాణిని ఆరవ అధ్యాయము మూడవ పాదమున, నకారము లోపింపక యథాతథముగా నిలుచు కొన్ని పదములను పేర్కొనుచు వానిలో నఖశబ్దమును చేర్చెను. ‘ఖము’ లేనిది నఖము. ఖమనగా రంధ్రము, ఆకాశము. ఇంద్రియమనియు అర్థము కలదు. కఠోపనిషత్తులో బహిర్ముఖములైన ఇంద్రియములు ఈ శబ్దముతోనే చెప్పబడినవి. ఆ అర్థమును ఇచట గ్రహించినచో, ఏ ఇంద్రియమును లేని చోటు నఖమగును. తెలివి చేరని ఆ చోటనే, తెలియకుండ జరుగు ఒక చెడు అలవాటు పాతుకొనుట గమనింపదగినది.

గోళ్లు కొరుకుట అల్పవిషయము, దీనికి శాస్త్రవిచారమెందుకని కొందరనవచ్చును. ఆ అలవాటు గలవారి కది అల్పము కాదు. ఆషాఢమాసమున ఇంటిల్లిపాదియు గోరింటాకు పెట్టుకొనుచుండగా తన చేతిని చీరచెంగున దాచుకొను కోడలి నడిగిన తెలియును. సన్నిధిలో తీర్థమునకు చేయి చాచినపుడు అర్చకస్వామి తన వ్రేళ్లను చూచునేమోయని పిడికిలి సగము ముడుచు గృహస్థునకు తెలియును. వారిలో పలువురు పెద్ద చదువులు చదివినవారు, బాధ్యతగల ఉద్యోగములు చేయువారు. ఇరువది ముప్పది యేండ్లుగా మానదలచి మానలేకపోయినవారు. మద్యము మానినవాడు పదిమందిలో ఆ మాట చెప్పుకొనును; వీరు తమ పోరాటమును చెప్పుకొనుటకు కూడ సిగ్గుపడుదురు.

మనుస్మృతి నాలుగవ అధ్యాయమున స్నాతకధర్మములు చెప్పబడినవి. గోళ్లను పండ్లతో పెరుకరాదని అచట స్పష్టమైన నిషేధము కలదు. అంతటితో ఆగక, మట్టిగడ్డలను ఊరక నలుపువానిని, గడ్డిపోచలను త్రుంచువానిని, గోళ్లు కొరుకువానిని ఒకే వరుసలో నిలిపి, అట్టివారు శీఘ్రముగా చెడుదురని చెప్పబడినది. ఇంత చిన్న పనికి ఇంత పెద్ద మాటయా అని అనిపించును. కాని ఈ మూడింటిని ఒకచోట చేర్చుటలోనే రహస్యమున్నది. మట్టిగడ్డ నలిపినందువలన ఎవరికిని ఫలము లేదు. గడ్డిపోచ త్రుంచినందువలనను లేదు. చేయువాని మనస్సు మరియొక చోట నుండగా చేయి తనంతట తాను చేయు పనులివి. అదే ప్రకరణమున కొంచెము ముందు వృథాచేష్ట కూడదని చెప్పబడియే యున్నది. కనుక స్మృతికారుడు నిందించినది గోటిని కాదు, రుచిని కాదు. యజమాని లేని చేతిని నిందించెను.

ఆ చేతికి శాస్త్రమిచ్చిన స్థానమెట్టిదో చూడుడు. కుడిచేతి బొటనవ్రేలి మొదట బ్రహ్మతీర్థము, చిటికెనవ్రేలి మొదట ప్రాజాపత్యతీర్థము, బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ పితృతీర్థము, వ్రేళ్లకొనల యందు దేవతీర్థము. దేవతర్పణమున జలము విడుచుట ఈ కొనల మీదుగానే. నిత్యము సంధ్య వార్చుకొనువాడు కూడ ఉదయము ఏ కొనలనుండి దేవతలకు నీరు విడిచెనో, ఆ కొనలనే మధ్యాహ్నము పండ్ల నడుమ పెట్టుకొనుచున్నాడు. నోటిలో పెట్టిన చేయి ఎంగిలి చేయి. ఆ చేతితో సాలగ్రామమును తాకరాదు, తులసిమాల కట్టరాదు, మడినీరు ముట్టరాదు. ఇవి వైష్ణవగృహములలో చిన్నపిల్లలకును తెలిసిన మాటలే. అయితే గోళ్లు కొరుకువానికి తన చేయి ఎంగిలియైన సంగతియే తెలియదు. పెరుమాళ్ల కైంకర్యమున దీనికి మించిన చిక్కు లేదు.

విశాఖవంటి పట్టణమున ఇది ఆరోగ్యమునకు సంబంధించిన మాట కూడ. 1933లో ప్రారంభమైన ఓడరేవున బొగ్గు, ఇనుపఖనిజము రాశులుగా పోయుదురు. 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కుకర్మాగారమున బొగ్గును కోకుగా మార్చు బట్టీలు, ఇనుమును కరగించు కొలుములు రాత్రింబగళ్లు పనిచేయుచుండును. ఆ ధూళి, ఆ నూనెజిడ్డు గోళ్లక్రింద చేరును. పనిచేయుచున్నంతసేపు చేతి కవచములున్నవి. విశ్రాంతి వేళ కవచము తీసి, తరువాతి కబురు కొరకు ఎదురుచూచు పది నిమిషములలోనే వ్రేలు నోటికి పోవును. పనిగల చేతికంటె పనిలేని చేతికే ప్రమాదమెక్కువ. గోటి ప్రక్కచర్మము చిరిగినచో గోరుచుట్టు లేచును. గోళ్లలో చేరిన గ్రుడ్లవలన పిల్లలకు నులిపురుగుల బాధ తిరుగబెట్టును. యేండ్ల తరబడి కొరికినచో పంటికొనలు అరుగును. చీము పట్టిన గోరుచుట్టునకు ఇంటిచిట్కాలతో కాలయాపన చేయక వైద్యుని చూపించుకొనుటయే మంచిది.

ఇక మానుట యెట్లు? సాధారణముగా జరుగునది ఇది. ఒక భక్తుడు సింహగిరికి వచ్చి కప్పస్తంభమును కౌగిలించుకొని, “స్వామీ, నేటినుండి గోళ్లు కొరుకను” అని ప్రతిజ్ఞ చేయునని అనుకొందము. అతని ప్రతిజ్ఞలో కపటము లేదు. కన్నులలో నీరు కూడ నిలిచియుండును. దర్శనము ముగించుకొని బస్సెక్కును. ఘాట్‌రోడ్డున మలుపులు తిరుగుచుండగా, రేపటి డ్యూటీ, కుమార్తె వివాహము, తీరని అప్పు ఒక్కొక్కటిగా జ్ఞాపకమునకు వచ్చును. అడివివరము చేరునప్పటికి బొటనవ్రేలు నోటిలో నుండును. చూచుకొని అతడు దిగ్భ్రాంతుడగును. దేవుని యెదుట ఆడిన మాట అరగంట నిలువలేదని కుమిలిపోవును. ఆ కుములుటవలన కలవరము, కలవరమువలన మరల వ్రేలు నోటికి.

అతని దోషము సత్యము తప్పుట కాదు. చేయునపుడు తెలియని పనిని గూర్చి ‘చేయను’ అని ప్రతిజ్ఞ చేయుటలో చిక్కున్నది. దొంగ వచ్చినపుడు నిద్రించు కావలివాడు, మేలుకొనియున్నంతసేపు ఎన్ని ప్రతిజ్ఞలు చేసిన నేమి? ముందు మెలకువ కావలెను. చేయి ఏ వేళ లేచుచున్నది? చదువునపుడా, ఎవరి కొరకైన ఎదురుచూచునపుడా, పై అధికారి పిలిచినపుడా? మొదట ఏ వ్రేలు పోవుచున్నది? గరుకుగా తగిలిన అంచును సరిచేయబోయి కొరుకుచున్నాడా? వారము దినములు మానుటకు ప్రయత్నింపక, ఈ లెక్క మాత్రము చిన్న పుస్తకమున వ్రాసికొన్నచో అలవాటునకు సగము బలము తగ్గును.

1973లో అమెరికాదేశమున అజ్రిన్, నన్ అను ఇద్దరు మనస్తత్త్వశాస్త్రజ్ఞులు ఇట్టి అలవాట్లకు ఒక చికిత్సావిధానమును ప్రకటించిరి. దానిలో ముఖ్యములు రెండు. మొదటిది ఈ మెలకువయే. రెండవది, చేయి లేవబోవునపుడు దానికి విరుద్ధమైన మరియొక పనిని కొద్ది నిమిషములు చేయించుట. పిడికిలి బిగించుట గాని, ఒక వస్తువును పట్టుకొనుట గాని చాలును. ఒకే వేళ చేయి రెండు పనులు చేయలేదు గదా! పతంజలి యోగసూత్రములలోని ప్రతిపక్షభావన దీనికి దగ్గరగా నున్నది. అయితే అది మనస్సునకు చెప్పినది, ఇది చేతికి చెప్పినది. కొత్త విద్యలన్నియు మన గ్రంథములలో నున్నవని చాటుకొనుట కంటె, ఎవరు చెప్పినను మేలైన మాటను గ్రహించుట పండితలక్షణము.

వైష్ణవునకు ఈ రెండవ మెట్టు చిరపరిచితమైనదే. శరణాగతికి అంగములైదు. ఆనుకూల్యసంకల్పము, ప్రాతికూల్యవర్జనము, కార్పణ్యము, మహావిశ్వాసము, గోప్తృత్వవరణము. ఈ వరుసలో వర్జనము రెండవది. స్వామికి అనుకూలముగా నడచుకొందునను సంకల్పము మొదటిది. కప్పస్తంభమునొద్ద ప్రతిజ్ఞ చేసిన భక్తుడు మొదటిదానిని విడిచి రెండవదానితో ఆరంభించెను. ‘కొరుకను’ అనెనే గాని, ఈ చేతిని దేనికి వినియోగింతునో చెప్పలేదు. కార్పణ్యమనగా తన అశక్తతను ఒప్పుకొనుట. ‘ఇది నా యొక్క బలముచే సాధ్యము కాదు’ అనుటలో అవమానము లేదు; అది శరణాగతిలోని ఒక అంగము. అరగంటకే ఓడిపోయితినని ఏడ్చినవాడు, ఏడ్చుటకు బదులు ఆ మాటనే స్వామికి నివేదించిన చాలును.

చేతికి కైంకర్యము దొరకని ఇల్లు లేదు. వ్రేళ్ల కణుపులపై అష్టాక్షరిని గాని ద్వయమును గాని లెక్కించుటకు జపమాల కూడ అక్కరలేదు. షిఫ్టుబస్సులో కూర్చుండియు చేయవచ్చును. అయితే బొటనవ్రేలు కణుపులపై నడచుచున్నంత మాత్రమున చాలదు. మనస్సు తప్పినచో అదియు మట్టిగడ్డ నలుపుటయే యగును. స్త్రీలు పూలమాల కట్టుటకును, తులసిమాల గ్రుచ్చుటకును కూర్చుండవచ్చును. తులసిని గోటితో గిల్లరాదను ఆచారమొకటి కలదు; దానివలన వ్రేళ్లకు నేర్పు, మెలకువ రెండును అలవడును. ఇంటిలో సానరాయి యున్నచో, నిత్యారాధనకు గంధము తీయు పనిని ఈ అలవాటు గలవారికే అప్పగింపవలెను. అరచేయి నిండ చెక్క, వ్రేళ్లకు తడి, ముక్కునకు పరిమళము. సింహగిరియందు స్వామికి సమర్పించు చందనమును అక్షయతృతీయ, వైశాఖపూర్ణిమ, జ్యేష్ఠపూర్ణిమ, ఆషాఢపూర్ణిమ అను నాలుగు విడతలలో, విడతకు మూడు మణుగుల వంతున సమర్పింతురు. స్వామి పూతయే ఒక్క దినమున పూర్తికాదు. మన చేతి అలవాటు ఒక్క దినమున పోవలెనని కోపించుట తగదు.

మనస్సు చంచలమై ఎక్కడెక్కడికి పోవునో అక్కడక్కడి నుండి మరలించి తెచ్చుకొనవలెనని గీత ఆరవ అధ్యాయమున భగవానుడు ఉపదేశించెను. ‘పోనీయకుము’ అని అచట చెప్పలేదు. పోవునని ఎరిగియే, తెచ్చుకొనుమని చెప్పెను. పదిసార్లు నోటికి పోయిన చేతిని పదిసార్లు దించినవాడు పదిసార్లు ఓడినవాడు కాడు.

పిల్లల విషయమున పెద్దలు చేయు పొరపాటొకటి కలదు. వేపరసము పూయుట, నలుగురిలో చేయి పట్టి చూపుట, “ఛీ, నీ వ్రేళ్లు చూడు” అనుట. చేదునకు కొందరు వెరతురు. పలువురు దానికి అలవాటుపడుదురు. నలుగురిలో సిగ్గుపరచినచో అలవాటు మానదు, తలుపు చాటునకు పోవును. పరీక్షలకు వెరచియో, తల్లిదండ్రుల కలహము వినియో గోళ్లు కొరుకు బిడ్డకు మొదట ఆ భయము తీరవలెను. చేయి లేచినపుడు ఒక పువ్వునో, పుస్తకమునో మారుమాట లేకుండ అందించు తల్లి, వంద మందలింపుల కంటె మేలు చేయును. పిల్లలలో పలువురికి ఎదిగినకొలది ఇది తనంతట తగ్గును. రక్తము వచ్చునంతగా కొరుకుచు, నిద్రయు తిండియు తప్పినవారిని మాత్రము మనోవైద్యునకు చూపుట అవసరము. దీనిలో తప్పులేదు, నామోషీ లేదు.

అమరకోశమున గోటికి కరరుహము, నఖరము అను పేర్లతోపాటు పునర్భవమను పేరు కూడ నున్నది. మరల పుట్టునది యని అర్థము. చేతిగోరు నెలకు ఇంచుమించు మూడు మిల్లీమీటర్లు పెరుగును. మొదటినుండి కొనవరకు రావలెనన్న సుమారు ఆరు మాసములు పట్టును. అక్షయతృతీయనాడు మొదలులో పుట్టిన గోరు కార్తికమాసమునకు కొనకు చేరును. నడుమ ఎన్నిమారులు విరిగినను మొదలు చెడకున్నచో అది వచ్చుచునే యుండును. గోళ్లు కొరుకువారి ఇంట గోళ్లకత్తెరతో పని యుండదు. శుక్రవారము, మంగళవారము, సంధ్యవేళ విడిచి మంచి దినము చూచి గోళ్లు తీయించుకొనుమని పెద్దలు చెప్పు మాట వారికి అక్కరకు రాదు. ఒకనాటి ఉదయమున వ్రేలికొనకు తెల్లని అంచు కనబడి, ఇంటిలో కత్తెర యెక్కడనున్నదో వెదుకవలసి వచ్చును. ఆనాడు గరుకు అంచు లేకుండ నున్నగా తీసి, చేతులు కడిగికొని, దేవతర్పణమునకు కూర్చుండవచ్చును.