పెంచిన చేయి, విడిచిన చేయి

(ఆదివారపు బడి పెద్ద తరగతులకును, కుటుంబ ప్రార్థనలకును పాఠము)

చదువవలసిన భాగములు: 2 సమూయేలు 12:1–6, యోబు 38:39 – 39:8, కీర్తన 104:19–23.



గత వేసవిలో వైరాలోని మా ఆదివారపు బడి ముగిసిన పిమ్మట పదేండ్ల పిల్లవాడొకడు నాయొద్దకు పరుగున వచ్చెను. "సార్, ఏన్కూరు అవతల మా మామ వాళ్ల చేను పక్కన దుప్పిపిల్ల కనబడ్డదట. తల్లి లేదట. తెచ్చి పెంచుకుంటే మంచిదే గదా?" అని యడిగెను. వాని కన్నులలో దయయే గాని మరేమియు లేదు. "ముందు దానిని ముట్టవద్దని మీ మామకు ఫోను చేయుము. ఎందుకో వచ్చే ఆదివారము చెప్పెదను" అంటిని. ఆ ఆదివారము వానికి చెప్పినదే యీ పాఠము.

1. మా యింటి దుప్పిపిల్ల

నా బాల్యము కూడ అట్టి అడవి అంచు పల్లెలోనే గడచెను. ఒకనాడు మా నాయన, చేను గట్టున గడ్డిలో కదలక పండుకొనియున్న చుక్కల దుప్పిపిల్లను చంకనెత్తుకొని యింటికి తెచ్చెను. తల్లి దానిని విడిచి పోయినదని ఆయన తలంచెను. నిజమునకు ఈనిన తరువాత కొన్ని దినముల వరకు తల్లి దుప్పి తన పిల్లను గడ్డిలో దాచి మేతకు పోవును. పాలిచ్చుటకు మరల వచ్చును. అంతవరకు పిల్ల కదలకుండుటయే దానికి కాపుదల. ఈ సంగతి మాకప్పుడు తెలియదు. తల్లి వచ్చి ఖాళీ గడ్డిని వాసన చూచి వెదకియుండునన్న తలంపు కూడ మాకు రాలేదు.

గుడ్డవత్తితో మేకపాలు పట్టితిమి. అది బ్రదికెను. మా కుక్క ప్రక్కనే పండుకొనెడిది. నేను బడికి పోవునప్పుడు వాగు వరకు వెంట వచ్చెడిది. చూచినవారెల్లరు మమ్మును మెచ్చుకొనిరి. ఏడాది తిరుగక ముందే ఒక తెల్లవారుజామున పొరుగూరి కుక్కలు నాలుగు మా దొడ్డిలో జొరబడెను. అడవిలో పెరిగిన దుప్పియైనచో కుక్క వాసన తగులగానే పరుగెత్తెడిది. ఇది పరుగెత్తలేదు. కుక్క యనగా స్నేహితుడని మా యింట నేర్చుకొనెను గదా! మేము కర్రలు పట్టుకొని పోవునప్పటికి అంతయు ముగిసెను.

ఆ దినమంతయు మా అమ్మ అన్నము ముట్టలేదు. సాయంకాలము ఆమె యన్నమాట నేటికిని నా చెవిలో నున్నది: "పాలైతే పోసినం గానీ బిడ్డా, భయం నేర్పలేకపోయినం."

2. ఎల్సా కథ

చాల యేండ్లకు, పిల్లలతో కూర్చుండి ఒక ఆంగ్ల చలనచిత్రము చూచుచుండగా ఆ మాట నాకు మరల జ్ఞాపకమునకు వచ్చెను. అది 1966లో విడుదలైన 'బార్న్ ఫ్రీ'. పుట్టుకతోనే స్వేచ్ఛ గలది యని దాని భావము. జేమ్స్ హిల్ దర్శకుడు. నిజజీవితమందును భార్యాభర్తలైన వర్జీనియా మెకెన్నా, బిల్ ట్రావర్స్ అందులో ముఖ్య పాత్రలు ధరించిరి. దాని సంగీతమునకొకటి, పాటకొకటి ఆస్కారు బహుమతులు లభించెను. కుటుంబమంతయు కలిసి చూడదగిన చిత్రమని నేటికిని పేరున్నది. జాయ్ ఆడమ్సన్ అను స్త్రీ 1960లో ప్రచురించిన పుస్తకము దానికి ఆధారము. కనుక అది కట్టుకథ కాదు.

జాయ్ భర్త జార్జ్ ఆడమ్సన్ కెన్యా దేశపు ఉత్తర ప్రాంతమున వన్యమృగ సంరక్షణాధికారి. 1956లో ఆయన విధి నిర్వహణలో నుండగా ఒక ఆడసింహము మీదికి దూకెను. ఆయన కాల్చి చంపెను. అటు తరువాతనే అది యెందుకు దూకెనో తెలిసినది. బండల సందున మూడు పసికూనలుండెను! తల్లి తన పిల్లలకొరకు ప్రాణమిచ్చెను. జార్జ్ ఆ మూడింటిని యింటికి తెచ్చెను. కొంత పెరిగిన పిమ్మట పెద్దవి రెండింటిని హాలెండు దేశమందలి రోటర్డాము జంతు ప్రదర్శనశాలకు పంపిరి. అన్నిటికంటె చిన్నదైన ఎల్సాను మాత్రము ఉంచుకొనిరి.

ఎల్సా వారితో కూడ ప్రయాణము చేసెను, సముద్రమునకు పోయెను, వారి గుడారమున నిద్రించెను. కాని అది పిల్లి కాదు. పెరిగి పెద్దదాయెను. అప్పుడు ఆ దంపతుల యెదుట రెండే మార్గములు మిగిలెను: మిగిలిన రెండింటివలె బోనుకు పంపుట, లేదా అడవికి మళ్లించుట. చిత్రమునందలి ముఖ్యమైన భాగము ఇక్కడనే మొదలగును.

3. విడుచుట సులభము కాదు

తలుపు తీసి "పొమ్ము" అనుట విడుదల కాదు. ఎల్సాకు వేటాడుట తెలియదు. సింహపు కూనలు ఆ విద్యను తల్లి వెంట, గుంపు వెంట తిరుగుచు నేర్చుకొనును. ఆ తల్లి లేదు. మొదట తీసికొనిపోయిన చోట నీరు, గాలి దానికి సరిపడలేదు, జబ్బుపడి చిక్కిపోయెను. తరువాత మేరు అను ప్రాంతమునకు తీసికొనిపోయిరి. కొన్ని దినములు ఒంటరిగా విడిచి, మరల వచ్చి చూచెడివారు. ఆకలితో ఎముకలు తేలి వారికొరకు కాచుకొనియున్న ఎల్సాను చూచి జాయ్ మనస్సు ఎంత కలత చెందియుండునో తలంచుడి. ఇంటికి తీసికొనిపోవుట యెంత సులభము! ఆమె అట్లు చేయలేదు. జార్జ్ జంతువులను కొట్టి దాని ముందుంచుచు, తల్లి నేర్పవలసినదానిని ఓపికతో నేర్పెను. నెలల తరబడి యీ ప్రయాస సాగెను.

తుదకు ఎల్సా తానై వేటాడెను, అడవి సింహముతో జతగూడెను. 1959 డిసెంబరులో మూడు కూనలను కని, కొన్ని వారములకు వాటిని వెంటబెట్టుకొని తన్ను పెంచినవారికి చూపుటకు వచ్చెను. చిత్రము ఈ సంతోషముతో ముగియును.

4. తెర దిగిన తరువాత

చిత్రము చెప్పని సంగతులు కొన్ని కలవు. పాఠము నేర్చుకొనగోరు మనము వాటినికూడ తెలిసికొనవలెను.

1961 జనవరిలో ఎల్సా పిడుదుల వలన సోకిన జ్వరముతో చనిపోయెను. దానికి అప్పటికి అయిదేండ్లు. తల్లి పోయిన కూనలు అక్కడి జనుల పశువులమీద, మేకలమీద పడసాగెను. జార్జ్ వాటిని పట్టి దూరముననున్న సెరెంగెటి అడవికి తరలించవలసి వచ్చెను. మేక పోయిన యిల్లాలి దుఃఖము మన అడవి అంచు వారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఒకరు ప్రేమతో పెంచిన జంతువు మరియొకరి యింట నష్టము కలిగింపవచ్చును.

చిత్రము తీయుటకు పలు సింహములను తెచ్చిరి. స్వేచ్ఛను చాటిన ఆ చిత్రము పూర్తియైన పిమ్మట వాటిలో ఎక్కువ వాటిని జంతు ప్రదర్శనశాలలకు పంపివేసిరి! మూడింటిని మాత్రము జార్జ్ అడిగి తీసికొని, మేరు అడవిలో విడుచుటకు పాటుపడెను. వాటిలో 'బాయ్' అను మగసింహము 1971లో జార్జ్ దగ్గర పనిచేయు మనుష్యుని చంపెను. తాను పెంచిన దానిని జార్జ్ తన చేతితోనే కాల్చవలసి వచ్చెను. మనుష్యుని యెడల జంకు లేని సింహము ఎంత ప్రమాదకరమో దీనివలన తెలియుచున్నది. మా అమ్మ చెప్పిన మాటకు ఇది రెండవ ప్రక్క.

ఆ నటీనటులు కూడ మారిరి. 1969లో వారితో మరియొక చిత్రమున నటించిన ఏనుగు గున్నను లండను జంతు ప్రదర్శనశాలకు కానుకగా పంపిరి. అది 1983లో అక్కడనే చనిపోయెను. ఆ దుఃఖములోనుండి మెకెన్నా, ట్రావర్స్ దంపతులు 1984లో బంధింపబడిన జంతువుల పక్షమున ఒక సంస్థను ప్రారంభించిరి. అదియే తరువాత 'బార్న్ ఫ్రీ' పేరు ధరించెను.

5. నల్లమల పులికూనలు

ఇది ఆఫ్రికా సంగతి, మనకేల యని యెవరైన అనవచ్చును. మన తెలుగునేలమీదనే 2023 మార్చిలో ఇట్టిదే జరిగెను. నంద్యాల జిల్లా కొత్తపల్లి మండలము పెద్దగుమ్మడాపురము గ్రామస్థులకు నాలుగు పులికూనలు కనబడెను. నాలుగును ఆడవే. ఊరివారు కుక్కలు పడకుండ వాటిని ఒక గదిలో కాపాడి అటవీశాఖకు తెలియజేసిరి. పులి పిల్లలని తెలిసియు చంపలేదు, అమ్మజూడలేదు, దాచుకొనలేదు. ఇది మెచ్చుకొనదగిన కార్యము.

అధికారులు తల్లికొరకు వెదకిరి. అడవిలో కెమెరాలు పెట్టిరి, అడుగుజాడలు చూచిరి. కూనలను తల్లికి చేర్చుటయే వారి మొదటి ప్రయత్నము, పెంచుట కాదు. దినములు గడచినను తల్లి వాటిని చేరలేదు. రెండవ వారములో కూనలను తిరుపతి జంతు ప్రదర్శనశాలకు చేర్చిరి. పులికూన దాదాపు రెండేండ్లు తల్లి వెంట తిరిగి వేట నేర్చుకొనును. మనము సీసాతో పాలు పట్టగలము, వైద్యము చేయింపగలము. ఆ రెండేండ్ల బడి మాత్రము మనచేత కాదు. తల్లి దొరకనప్పుడు బోను సహితము ప్రాణము నిలుపు ఆశ్రయమే. అయితే అది చివరి దారి కావలెను గాని మొదటిది కారాదు.

6. వాక్యము చూపు రెండు చిత్రములు

నాతాను ప్రవక్త దావీదుతో చెప్పిన ఉపమానమున ఒక బీదవాని గొఱ్ఱెపిల్ల యున్నది. అది వాని పిల్లలతో కలిసి పెరిగి, వాని గిన్నెలోనిదే త్రాగి, కుమార్తెవలె నుండెను. ఆ ప్రేమను వాక్యము తప్పుపట్టలేదు. గొఱ్ఱె, మేక, ఆవు మనుష్యుని యింటికి చెందినవి; వాటిని పెంచుట ధర్మము.

యోబు గ్రంథములో మరియొక చిత్రము కలదు. అక్కడ దేవుడు యోబును వరుసగా ప్రశ్నించును: సింహపు పిల్లల ఆకలి తీర్చువాడెవడు? కొండమేకలు ఈను కాలము నీకు తెలియునా? అడవిగాడిద కట్లు విప్పినవాడెవడు? ఆ కొండమేకల పిల్లలు పెరిగి, తల్లిని విడిచిపోయి మరల రావని కూడ అక్కడ చెప్పబడెను. ఆ పోవుటను దేవుడు నష్టముగా లెక్కింపలేదు. తన యేర్పాటు చక్కగా జరుగుచున్నదనుటకు గురుతుగా చూపెను. నూటనాల్గవ కీర్తనలో రాత్రి సింహములకును, పగలు పనివానికిని పంచియీయబడెను. ఒకరి వేళలో ఒకరు జొరబడక బ్రదుకుటకు చోటున్నది.

కావున ప్రేమ రెండు విధములు కాదు గాని, దాని పని రెండు విధములు. గొఱ్ఱెపిల్లను ప్రేమించువాడు దగ్గరకు తీయవలెను. దుప్పిపిల్లను ప్రేమించువాడు దూరముగా నిలువవలెను. రెండవది కష్టము; దానికి మెప్పు కూడ లేదు. గడ్డిలో ముట్టక విడిచిపెట్టినవానిని చూచి ఊరివారు చప్పట్లు కొట్టరు.

7. మనము చేయవలసినది

అడవి అంచున ఒంటరి పిల్ల కనబడినచో ముట్టక, దూరముగా పోవుడి. కుక్కలను పిల్లలను ఆ ప్రక్కకు పోనీయకుడి. గాయపడినదైనను, తల్లి చచ్చినదని రూఢియైనను అటవీశాఖవారికి తెలుపుడి. అడవి జంతువును పట్టి యింట పెంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును బట్టి నేరమని కూడ మరువకుడి. దుప్పిని దగ్గరగా చూడవలెనని పిల్లలు గోరినచో పాల్వంచ దగ్గర కిన్నెరసాని జింకల పార్కుకు తీసికొనిపోవుడి.

ఆ పిల్లవాని మామ మాట వినెను. మరునాడు ఉదయము పోయి చూడగా గడ్డి నలిగిన చోటు మాత్రమే యుండెను. తల్లి తీసికొనిపోయెనో, మరేమి జరిగెనో చూచినవారు లేరు. పిల్లవాడు కొంత చిన్నబుచ్చుకొని, "నేను చూడనే లేదు సార్" అనెను. "నీవు చూడకున్నను దానికి తల్లి యుండవచ్చును గదా" అంటిని. కొంతసేపు తలంచి, తల యూపెను.

తరగతిలో అడుగవలసిన ప్రశ్నలు

1. నాతాను చెప్పిన గొఱ్ఱెపిల్లకును, యోబు గ్రంథమందలి కొండమేక పిల్లలకును గల భేదమేమి?
2. ఎల్సా చిక్కిపోయినప్పుడు యింటికి తీసికొనిపోకుండుట ప్రేమయా, కాఠిన్యమా? మీ కారణము చెప్పుడి.
3. పెద్దగుమ్మడాపురము వారు చేసిన మంచి పనులను లెక్కించుడి. మీ ఊరిలోనైనచో ఏమి చేసియుందురు?
4. మన బిడ్డలకు పాలతోకూడ నేర్పవలసినవి ఏవి? వారు పెరిగి మనలను విడిచి పోవుదినమునకు మనము సిద్ధపడుచున్నామా?