ఎవరి నుండి, ఏది? : ఫోనులో గోప్యతను గురించి ఒక పాఠం

విసాపూర్, బల్లార్‌పూర్, చంద్రపూర్ ప్రాంతాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఫోను అంటే మొదట బంధువుల నంబర్ల పుస్తకం. మంచిర్యాలలోని మేనమామ, ఆసిఫాబాదులోని అక్క, గనిలో తోటి కార్మికుడు, కిరాణా దుకాణదారు, అందరూ అందులోనే ఉంటారు. ఆ జాబితా పరుల చేతికి చిక్కితే ఏమి జరుగుతుందో 2020 డిసెంబరులో తెలంగాణ చూసింది. నిమిషాలలో చిన్న అప్పులు ఇచ్చే కొన్ని యాప్‌లు ముందుగానే కాంటాక్టులు, ఫొటోలు చూసే అనుమతి తీసుకున్నాయి. వాయిదా తప్పినవారి బంధుమిత్రులకు ఫోన్లు చేసి, అవమానకరమైన సందేశాలు పంపి పరువు తీశాయి. ఆ వేధింపు భరించలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు. హైదరాబాదులో పోలీసులు కాల్ సెంటర్లపై దాడులు చేసి పలువురిని అరెస్టు చేశారు.

ఆ సమాచారం ఫోనులోకి ఎవరో చొరబడి దొంగిలించినది కాదు. ‘అనుమతించు’ అన్న మీటను అప్పు కోరినవారే నొక్కారు. కనుక గోప్యతకు మొదటి సాధనం ప్రతి ఫోనులోనూ ముందే ఉంది: సెట్టింగ్స్‌లోని అనుమతుల పుట. ఏ యాప్ కాంటాక్టులు చూస్తున్నది, ఏది మైక్ వింటున్నది, ఏది తిరిగే చోటు గమనిస్తున్నది అన్నది అక్కడ తెలుస్తుంది. అవసరం లేనిదాన్ని అక్కడే ఆపవచ్చు. అప్పుల యాప్‌లు కాంటాక్టులు, ఫైళ్లు, కాల్ వివరాలు చూడరాదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో నియమం పెట్టింది. అయినా ఆ నియమాన్ని లెక్కచేయని యాప్‌లు లేకపోలేదు. ఒకసారి సర్వర్‌కు చేరిన జాబితా, యాప్‌ను తొలగించినంత మాత్రాన వెనక్కి రాదు. వేధింపు మొదలైతే తొలగించే ముందే సందేశాల స్క్రీన్‌షాట్లు, నంబర్లు భద్రపరచి, బంధువులకు విషయం చెప్పి, పోలీసులకు ఫిర్యాదు చేయవలెను. డబ్బు పోయిన సైబర్ మోసమైతే ఆలస్యం చేయక 1930కు ఫోను చేయవలెను.

గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో ఈ జిల్లా తెలుగువారికి ప్రత్యేకంగా పనికివచ్చే అంశం ఒకటి ఉంది. సమ్మతి కోరే సంస్థ తన నోటీసును ఆంగ్లంలోనో, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో ఒకదానిలోనో చదువుకొనే వీలు కల్పించవలెను. వాటిలో తెలుగు ఒకటి. చట్టపు నియమాలు 2025 నవంబరులో వెలువడినా, ఇటువంటి ప్రధాన బాధ్యతలకు పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు. మరాఠీ మాట్లాడగలిగి కూడా ఆ లిపిలోని షరతులు చదవలేక ‘సరే’ నొక్కేవారికి ఇది చిన్న విషయం కాదు.

సందేశాల సంగతి కొంత సులభం. వాట్సాప్ 2016 నుండి, సిగ్నల్ మొదటి నుండి, పంపినవారు, అందుకున్నవారు తప్ప నడుమ ఎవరూ చదవలేని ఎన్‌క్రిప్షన్‌ను వాడుతున్నాయి. అయితే వాట్సాప్ సందేశాల బ్యాకప్‌కు ఆ రక్షణను విడిగా ఎంచుకోవలసి ఉంటుంది, చాలామంది ఎంచుకోరు. ఎవరు ఎవరితో మాట్లాడారన్న వివరం వేరు, ఏమి మాట్లాడారన్నది వేరు. 2016లో అమెరికాలో న్యాయస్థానపు ఉత్తర్వు అందినప్పుడు సిగ్నల్ ఇవ్వగలిగినవి ఖాతా తెరిచిన తేదీ, చివరిసారి కలిసిన తేదీ మాత్రమే. తక్కినది దాని వద్దనే లేదు.

ఇక దారి విషయం. చిరునామా హెచ్‌టీటీపీఎస్‌తో మొదలయ్యే వెబ్‌సైటులో ఏమి చదివారో ఇంటర్నెట్ సంస్థకు తెలియదు. ఏ సైటుకు వెళ్లారో మాత్రం సాధారణంగా తెలుస్తుంది. అలా చూడగలిగిన చోటే ఆపడం కూడా సాధ్యం. గోప్యత సాధనాలు, సెన్సార్‌షిప్‌ను దాటే సాధనాలు ఒకటే కావడానికి కారణం ఇదే.

ఆపే అధికారం చట్టంలో ఉంది. 2012 నవంబరులో ఈ రాష్ట్రంలోనే, పాల్ఘర్‌లో, ఒక ఫేస్‌బుక్ వ్యాఖ్యకు ఇద్దరు యువతులు అరెస్టయ్యారు. ఆ ఉదంతం తరువాత దాఖలైన శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు 2015 మార్చి 24న ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను కొట్టివేసింది. సైట్లను నిరోధించే 69ఏ సెక్షన్‌ను మాత్రం నిలబెట్టింది. కారణాలు లిఖితపూర్వకంగా నమోదు కావలెనన్నది అందుకు చెప్పిన ఆధారాలలో ఒకటి. ఆ కారణాలు సామాన్య చదువరికి చేరడం అరుదు. అతనికి కనబడేది తెరుచుకోని పుట ఒక్కటే.

వీపీఎన్ ఇంటి నుండి మరొక సర్వర్ వరకు మూసిన గొట్టం వంటిది. ఇంటర్నెట్ సంస్థకు గొట్టం కనబడుతుంది, లోపలిది కనబడదు. కాని అవతలి కొసన ఉన్న వీపీఎన్ సంస్థకు మనం వెళ్లే చోట్లన్నీ కనబడతాయి. నమ్మకం ఒక చేతి నుండి మరొక చేతికి మారిందంతే. ఉచిత వీపీఎన్ విషయంలో అప్పుల యాప్‌ను అడగవలసిన ప్రశ్ననే అడగవలెను: దీనికి ఆదాయం ఎక్కడిది? వీపీఎన్ సంస్థలు వాడుకదారుల పేరు, చిరునామా వంటి వివరాలు అయిదేళ్లు ఉంచవలెనని సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది; అది ఇష్టంలేని కొన్ని విదేశీ సంస్థలు తమ సర్వర్లను భారతదేశం నుండి తరలించాయి. వీపీఎన్ వాడకం దేశమంతటా నేరం కాదు గాని, జమ్మూకశ్మీర్‌లోని కొన్ని జిల్లాలలో అధికారులు ఉత్తర్వులతో నిషేధించిన సందర్భాలు ఉన్నాయి. వీపీఎన్ వెనుక చేసిన నేరం ఎక్కడైనా నేరమే.

ఒక్క సంస్థనే నమ్మవలసిన ఈ ఇబ్బందికి టార్ జవాబు చెబుతుంది. అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో 1990లలో పుట్టిన ఆలోచన ఇది. సమాచారం మూడు మజిలీలు దాటుతుంది. మొదటి మజిలీకి పంపినవారి ఆచూకీ తెలుసు, గమ్యం తెలియదు. చివరిదానికి గమ్యం తెలుసు, పంపినవారు తెలియరు. అందుకే అది నెమ్మది. టార్‌లో కూర్చుని సొంత పేరుతో ఫేస్‌బుక్‌లోకి వెళితే మాత్రం ఆ సైటు దగ్గర మనమెవరన్నది దాగదు.

ఇంటర్నెట్‌నే పూర్తిగా ఆపివేసిన రోజున వీపీఎన్ గాని టార్ గాని పనిచేయవు. అవి నడిచే దారే ఉండదు. బ్లూటూత్‌తో దగ్గరి ఫోన్లకు సందేశం పంపే బ్రయార్ వంటివి ఉన్నాయి గాని, 2023 మేలో కేంద్రం నిరోధించిన పద్నాలుగు యాప్‌లలో అదీ ఒకటి. అప్పుడు మిగిలేది చట్టం. అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు 2020 జనవరి 10న, గడువు లేని నిలిపివేత చెల్లదని, ఉత్తర్వులను ప్రచురించవలెనని చెప్పింది. నేటి నియమాల ప్రకారం ఒక ఉత్తర్వు పదిహేను రోజులకు మించరాదు. సేవలు నిలిచిన పౌరుడు ఆ ఉత్తర్వు ప్రతిని కోరవచ్చును. అన్యాయమని తోస్తే చంద్రపూర్ జిల్లావాసులు బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనంలో రిట్ వేయవచ్చును.