ఆర్కిడ్ వేళ్లును, వానికి తగిన కుండయు

గత వేసవిలో వచ్చిన గాలివానకు మన పాఠశాల ఆవరణలోని మామిడికొమ్మ యొకటి విరిగి పడెను. దానిని అంటుకొని యొక వాండా మొక్క యుండెను. మేము దానిని మెల్లగా విడదీసి, పెద్ద కుండలో నల్లమట్టియు పెంటయెరువును నింపి నాటించితిమి. తోటపని బాలురు ఉదయము, సాయంకాలము తప్పక నీరు పోసిరి. ఆరు వారములకు ఆకులు ముడుతలుపడి, అడుగు ఆకులు పసుపెక్కి రాలజొచ్చెను. నీరు చాలలేదని తలచి మరింత పోయించితిమి. తుదకు కుండ బోర్లించి చూడగా వేళ్లు చాలవరకు కుళ్లియుండెను. తప్పు బాలురది కాదు, మాది. దానివలన నేర్చుకొన్న పాఠమును విద్యార్థుల కొరకు ఇచట వ్రాయుచున్నాము.

ఈ మొక్క పరదేశపుది కాదు. సామర్లకోటలో కుంపిణీ తోటను నడిపిన విలియం రాక్స్‌బర్గ్ పండితుడు కోరమాండల్ తీరపు మొక్కలనుగూర్చి వ్రాసిన గ్రంథమున 1795లోనే దీనిని వర్ణించెను. నేడు దీని శాస్త్రనామము వాండా టెస్సెల్లేటా. చెట్లపై పెరుగు మొక్కలకు సంస్కృతమున వందా యను పేరు గలదు. వాండా యను మాట అందుండియే వచ్చినది. మనవారు ఇట్టివానిని బదనికలందురు. కాని నిజమైన బదనిక తన వేళ్లను కొమ్మలోనికి దించి చెట్టురసమును పీల్చును. వాండా యట్లు చేయదు. అది కొమ్మను ఆధారముగా మాత్రమే పట్టుకొని, వాననీటివలనను మంచువలనను, బెరడుమీద చేరు ధూళివలనను బ్రదుకును.

దాని వేళ్లకు చుట్టును స్పంజివంటి తెల్లని పొర యుండును. దీనిని వెలామెన్ అందురు. ఇది మృతకణములతో నేర్పడినది. ఎండియున్నప్పుడు ఆ కణములలో గాలి నిండి వేరు తెల్లగా కనబడును. తడిసినప్పుడు అవి నీటిని పీల్చుకొనగా లోపలి పచ్చదనము బయటపడును. వాన వెలిసినపిమ్మట గాలికి వేరు మరల ఆరును. ఇట్లు తడియుట, ఆరుట రెండును దానికి అవసరము. ఎల్లప్పుడు తడిమట్టిలో నున్నచో గాలి యాడక వేరు ఊపిరాడనిదగును. పిదప బూజుజాతులు చేరి కుళ్లించును. కుళ్లిన వేరు నీటిని పీల్చలేదు. కావున కుండనిండ నీరున్నను ఆకులు దప్పిగొన్నట్లు ముడుచుకొనును. అదిచూచి మరల నీరు పోయుటయే మేము చేసిన పొరపాటు.

మంచి వేరు వ్రేళ్లతో నొక్కిన గట్టిగా నుండును. చెడిన వేరు గోధుమరంగుతో మెత్తగానో, డొల్లగానో యుండి, లాగిన పైపొర ఊడివచ్చి నడుమ దారమువంటి ఈనె మిగులును. పొర కొంచెము నలిగినను ఈనె గట్టిగానున్న వేరును తొందరపడి కోయరాదు.

ఇక కుండ సంగతి. పూతలేని మట్టికుండ మేలు. దాని గోడలగుండ తడి ఆరిపోవును. అడుగున నొకటే రంధ్రము చాలదు. ప్రక్కలను గూడ రంధ్రము లుండవలెను. మొక్క పెద్దదని పెద్ద కుండ తేరాదు. మిగిలిన వేళ్లు ఇమిడి, చుట్టును అంగుళమంత చోటు మిగిలిన చాలును. వాండాకు టేకుబద్దల బుట్ట మరియు శ్రేష్ఠము. నేడు ఫెలనాప్సిస్ అను ఆర్కిడ్లను పారదర్శకమైన ప్లాస్టిక్ కుండలలో అమ్ముచున్నారు. వానిలో వేళ్ల స్థితి కంటికి కనబడుననుట మేలే. కాని గోడలగుండ తడి ఆరదు గనుక నీటివిషయమున మరింత జాగ్రత్త వలయును.

మార్చు విధానము చెప్పెదము. వేళ్లు కుండకు అంటుకొనియున్న యెడల కొంతసేపు నీట నానబెట్టి విడదీయవలెను. మట్టినంతయు కడిగివేయవలెను. కత్తెరను నిప్పుసెగపై కాల్చి, చల్లారినపిమ్మట, కుళ్లిన భాగమును మంచిభాగమువరకు కోయవలెను. కోతలు ఆరుటకు ఒకదినము నీడను గాలి తగులుచోట నుంచవలెను. క్రొత్త మట్టికుండను ముందుగా నీట నానబెట్టి, అడుగున కుండపెంకులు పరచి, కడిగిన కట్టెబొగ్గు ముక్కలు, ఇటుకముక్కలు వదులుగా నింపవలెను. మట్టి వేయరాదు. మొక్క మొదలు పైకే యుండవలెను, దానిని పూడ్చరాదు. కదలిన లేతవేళ్లు దెబ్బతినును గనుక చిన్న కర్రకు కట్టవలెను. తరువాత ఎండతగులని వెలుతురులో నుంచి, వేళ్లు తెల్లబడినపిమ్మటనే ఉదయమున తడుపవలెను. క్రొత్తవేళ్లు వచ్చువరకు ఎరువు వలదు.

మా మొక్కకు మూడు వేళ్లే మిగిలినవి. రెండు నెలలు అది బ్రదుకునో లేదో తెలియకుండెను. బాలురు నీరు పోయకుండ ఓర్చుకొనుటయే కష్టమయ్యెను. పిదప నొకనాడు కాండమునుండి పచ్చని కొనతో నొక క్రొత్త వేరు తొంగిచూచెను. ఇప్పుడవి నాలుగైనవి. పూవు ఇంకను రాలేదు.

విద్యార్థులారా, మన ప్రేమ మంచిదైనను, ఆ జీవికి సృష్టికర్త నియమించిన బ్రదుకుతీరు తెలియనిచో ఆ ప్రేమయే దానికి కీడగును. మేలు చేయబూనువాడు మొదట వేరు చూడవలెను. పిమ్మట నీటిచెంబు పట్టవలెను.