విటమినే కదా అనకు బిడ్డా

జనగామ

చి॥ సరితకు మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మొటిమలు తగ్గుముఖం పట్టాయన్నావు, సంతోషం. ఆ కింద రాసిన మాటే నన్ను నిద్రపోనివ్వలేదు: “ట్రైగ్లిజరైడ్స్ 310 వచ్చినయ్, అయినా విటమిన్ గోలీయే కదా మామయ్యా.”

కాదు బిడ్డా. నువ్వు వేసుకునేది ఐసోట్రెటినోయిన్. విటమిన్ ఏ వంశంలోదే గానీ, 1982లో అమెరికాలో అనుమతి వచ్చిన నాటి నుంచీ రక్తపరీక్షలు చూసుకుంటూ వాడే మందు. దాని వల్ల కాలేయం రక్తంలోకి ఆ ట్రైగ్లిజరైడ్స్ కొవ్వును ఎక్కువ వదులుతుంది. పైగా అపో సి-3 అనే ప్రొటీన్ పెరిగి, ఆ కొవ్వు త్వరగా ఖర్చు కాకుండా అడ్డుపడుతుంది. వాడినవాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరికి ట్రైగ్లిజరైడ్స్ పెరుగుతాయి. మంచి కొలెస్ట్రాల్ కొంత తగ్గుతుంది, కొందరికి ఎస్‌జీపీటీ అనే కాలేయ ఎంజైమ్ పెరుగుతుంది. మందు ఆపితే చాలామందికి అన్నీ మామూలుకొస్తాయి. కంగారుపడి నీ అంతట నువ్వు ఆపకు, హన్మకొండ డాక్టరుకు చూపించు.

అసలు ఆ 310ని నేను నమ్మను. ముందు రాత్రి పదకొండింటికి పరకాలలో పెళ్లి భోజనం, పొద్దున పాల టీ, రెండు బిస్కెట్లు, ఎనిమిదింటికి రక్తం! నువ్వే రాశావు. ల్యాబులో ఇన్నేళ్లు గడిపిన మామ ఉండి కూడా ఇదా పద్ధతి? మేడారం జాతర అయిన వారంలో మా దగ్గరికి వచ్చే రక్తం చూడాల్సింది. సెంట్రిఫ్యూజ్ తిప్పి ట్యూబు తీస్తే, పైన లేత పసుపుగా తేటగా ఉండాల్సిన సీరం చిక్కటి మజ్జిగలా తేలేది. రాత్రి తిన్న యాటకూర అంతా ట్యూబులో కనిపించేది. ఆ ట్యూబును వెలుగుకు పట్టి చూపిస్తే గానీ ఒక్కరూ నమ్మేవాళ్లు కాదు. పన్నెండు గంటలు ఉపాసం ఉండు. మంచినీళ్లు తాగొచ్చు. చక్కెర లేని టీ కూడా వద్దు. ముందు రోజు విందులు వద్దు. “కొంచెమే” అన్న మాట నా దగ్గర చెల్లదు. గోలీ మాత్రం అన్నం తిన్నాకే వేసుకో, పరగడుపున సరిగ్గా ఒంటబట్టదు. రెండింటినీ తారుమారు చేసుకోకు తల్లీ.

ఇక విటమినే కదా అన్నావు గదా, విను. కొలువు కొత్తలో మానుకోట తండాలకు క్యాంపులకు పోయేవాళ్లం. రేచీకటి పిల్లలు పొద్దుగూకితే గోడ పట్టుకుని నడిచేవారు. 1970లో మొదలైన పథకం కింద ఆరు నెలలకోసారి విటమిన్ ఏ పోసేవారు. ఒక చెంచా, 2 మిల్లీలీటర్లు, అందులో 2 లక్షల యూనిట్లు. నువ్వూ అంగన్‌వాడీలో అది తాగి ఇంకో చెంచా కావాలని ఏడ్చినదానివే. మళ్లీ ఆరు నెలల దాకా ఎందుకు పోయరంటే అది కాలేయంలో నిల్వ ఉంటుంది. ఎక్కువైతే విషమే. కాబట్టి కాడ్ లివర్ ఆయిల్ గోలీలు ఈ మందుతో కలపకు. మునగాకు, బొప్పాయి తిను, వాటిలోని కెరోటిన్‌ను ఒళ్లు తనకు కావలసినంతే మార్చుకుంటుంది.

విటమిన్ ఏ కొవ్వు తగ్గిస్తుందని ఎక్కడో చదివానన్నావు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో ఊబకాయపు ఎలుకలకు విటమిన్ ఏ ఎక్కువగా పెడితే ఒంట్లో కొవ్వు తగ్గిన మాట నిజమే. అవి ఎలుకలు. వాటికి పెట్టింది నీ గోలీ కూడా కాదు.

ఇక మీ అత్త పక్కన కూర్చుని రాయిస్తున్న మాట, నాకు మొహమాటంగా ఉన్నా రాయక తప్పదు. మాఘంలో నీ లగ్గం అంటున్నారు. ఈ మందు కడుపులో బిడ్డకు ఘోరమైన అవకరాలు తెస్తుంది. ఆఖరి గోలీ వేసుకున్నాక నెల గడిచేదాకా గర్భం రాకూడదు, రక్తదానమూ చేయకూడదు. ఈ సంగతి డాక్టరుతో దాపరికం లేకుండా మాట్లాడు. సిగ్గుపడితే అత్త తోడొస్తానంటోంది.

పొట్ట పైభాగాన మొదలై వీపులోకి పొడిచే నొప్పి వస్తే నాకు ఫోన్ చేయడానికి ఆగకు, నేరుగా ఆసుపత్రికి పో. ట్రైగ్లిజరైడ్స్ మరీ పెరిగితే క్లోమం వాస్తుంది. పెదాలు పగులుతున్నాయంటివి, వెన్న రాసుకో.

ఈ నెలలోనే మళ్లీ పరీక్ష చేయించి రిపోర్టు నాకు పంపు. ఎన్ని గంటలు ఉపాసమున్నావో దాని మీదే రాయి.

మీ మామయ్య